పదిహేనింటిలో మూడోదైతే ఒరిజినల్ ఎక్కడుంది?

ప్రశ్న: అక్కా, నేను బీఎఫ్ఏ ఆఖరి ఏడాది చదువుతున్నాను, ప్రింట్‌మేకింగ్. మా నాన్నకు మా టౌన్లో ఆఫ్‌సెట్ ప్రెస్ ఉంది. శుభలేఖలు, బిల్లు బుక్కులు, కరపత్రాలు, ఎలక్షన్లొస్తే పోస్టర్లు వేస్తారు. మొన్న కాలేజీలో ఎగ్జిబిషన్ పెడితే అమ్మానాన్నా వచ్చారు. నా ఎచింగ్ (లోహపు ప్లేటు మీద గీతల్ని యాసిడ్‌తో తినిపించి, ఇంకు పట్టించి తీసే ప్రింటు) కింద పెన్సిల్‌తో 3/15 అని రాసి ఉండడం చూసి, "ఇది ప్రింటే కదమ్మా, పదిహేనులో మూడోదంటున్నావు, మరి ఒరిజినల్ ఏది?" అని నాన్న అందరి ముందూ అడిగారు. నాకు జవాబు రాలేదు. ఇంటికొచ్చాక, "నా మిషన్ మీద గంటకి వేలల్లో పడతాయి, నువ్వు రోజంతా కష్టపడి రెండు తీస్తున్నావు, దీనికి నాలుగేళ్ల చదువెందుకు" అన్నారు. ఎగతాళికి కాదు, నిజంగానే అర్థంకాక. పెయింటింగ్ వాళ్లేమో మమ్మల్ని టెక్నీషియన్లంటారు. ఇంకో సంగతి, ఒక షాపాయన నా ఎచింగ్‌ని స్కాన్ చేసి డిజిటల్ ప్రింట్లు తీసి ఒక్కోటీ అయిదొందలకి అమ్ముదాం, ప్రతిదాని మీదా నంబరేసి సంతకం పెట్టు అంటున్నాడు. చదువైపోయాక నాకు ఎచింగ్ ప్రెస్సూ ఉండదు, యాసిడ్ గదీ ఉండదు. చాలా టెన్షన్‌గా ఉంది. అసలు నేను ఆర్టిస్టునా, ప్రింటర్నా?

జవాబు:

చెల్లీ, మీ నాన్నగారి ప్రశ్నతోనే మొదలుపెడతాను. నువ్వు అడిగిన మిగతావన్నీ దాని చుట్టూనే తిరుగుతున్నాయి, పైగా ఆయన అడిగింది చాలా న్యాయమైన ప్రశ్న. ప్రెస్సు నడిపే మనిషికి ప్రింటంటే ఏమిటో స్పష్టంగా తెలుసు. ముందు ఒక అసలు ఉంటుంది, కస్టమరు తెచ్చిన ఫొటో గానీ, డీటీపీలో కొట్టిన మేటరు గానీ. దాన్ని చెడగొట్టకుండా వెయ్యి చేసి ఇవ్వాలి. వెయ్యో కాగితం మొదటి కాగితంలాగే ఉంటే పని బాగా వచ్చినట్టు. రంగు తేలిపోయినా, రిజిస్ట్రేషన్ తప్పి, అంటే రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోక, పెళ్లికూతురి పేరు పక్కన ఎర్రటి నీడ పడినా మళ్లీ వెయ్యాల్సిందే, ఆ నష్టం ఆయనదే. అలా ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి నీ 3/15 చూస్తే, అసలు బొమ్మ ఎక్కడో భద్రంగా పెట్టి గోడకి నకళ్లు తగిలించారనే అనుకుంటారు. అనుకోకపోతేనే ఆశ్చర్యం.

అలాంటి అసలు బొమ్మ నీ దగ్గర లేదు కదా. ఆయనకి ముందు చెప్పాల్సింది అదే. స్కెచ్ ఉండి ఉంటుంది, కానీ అది పెన్సిల్ స్కెచ్చు, దానికీ ఎచింగ్‌కీ మధ్య బోలెడు నిర్ణయాలు జరిగిపోయాయి. జింకు ప్లేటు ఉంది, కానీ దాన్ని గోడకి తగిలిస్తే ఎవరికీ ఏమీ కనపడదు, కుడి ఎడమలు తారుమారై గాట్లు పడ్డ లోహపు రేకు అది. ఒక గీత ఎంత నల్లగా దిగుతుందో, రోజిన్ అనే చెట్టు జిగురు పొడి చల్లి వేసిన ఆక్వాటింట్ నీడ ఎక్కడ బూడిద రంగులో ఆగుతుందో, ప్లేటు తుడిచేటప్పుడు గుడ్డ ఎంత ఇంకుని వదిలిపెట్టిందో, తడి కాగితం రోలరు కింద నుంచి బయటికొచ్చి నువ్వు దాన్ని మెల్లగా పైకెత్తే దాకా తెలియదు. ఆ బొమ్మ లోకంలోకి మొదటిసారి వచ్చింది ఆ కాగితం మీదే. పదిహేను సార్లు అలాగే వచ్చింది. ఒక తల్లికి పదిహేనుమంది పిల్లలుంటే వాళ్లలో అసలు పిల్ల ఏది అని ఎవరూ అడగరు, ఇదీ అంతే. పదిహేనూ ఒరిజినల్సే. 3/15 అనేది మూడో నకలని చెప్పడానికి కాదు, ఈ బొమ్మ మొత్తం పదిహేనే ఉన్నాయి, ఇది వాటిలో ఒకటి అని కొనేవాళ్లకి ఇచ్చే మాట. ఆ మాటకొస్తే ఇలా పెన్సిల్‌తో సంతకం, నంబరు వేసే పద్ధతి మరీ పాతదేం కాదు, 19వ శతాబ్దం చివర్లో మొదలై 20వ శతాబ్దంలో స్థిరపడింది. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ తన ఎచింగ్‌ల కింద అలాంటి లెక్కలేవీ వెయ్యలేదు.

ఆయనకి ఒక ఉదాహరణ కావాలంటే జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ వేసిన పెద్ద అల చూపించు. టీషర్టుల మీద, ఫోన్ కవర్ల మీద కనపడే ఆ జపాన్ అలే. 1831 ప్రాంతంలో, డెబ్భై ఏళ్ల వయసులో చేశాడు. పల్చటి కాగితం మీద ఆయన గీత గీసి ఇస్తే, చెక్కేవాడు ఆ కాగితాన్ని చెర్రీ చెక్క మీద బోర్లించి అంటించి, గీతల వెంబడే ఉలి నడిపించాడు. చెక్కడం అయ్యేసరికి గీసిన కాగితం నాశనమైపోయింది, ఆ పద్ధతే అంత. రంగు రంగుకీ వేరే చెక్క. ఆ చెక్కల మీద రంగు పూసి, కాగితం పరిచి, వెనక నుంచి చేత్తో రుద్ది అచ్చు తీసినవాడు ఇంకో మనిషి. డబ్బు పెట్టి అమ్మినవాడు పబ్లిషరు. అలా తీసినవి వేలల్లో ఉంటాయని అంచనా. ఇప్పుడు న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది, లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉంది, రెండూ నిజమైనవే. ఏది ముందు తీసిందో, ఏది చెక్క అరిగిపోయాక తీసిందో గీతలు ఎక్కడ తెగాయో చూసి చెప్పగలరు, కానీ అసలుది చూపించమంటే మాత్రం చూపించడానికేమీ లేదు. లోకంలో అందరికంటే ఎక్కువమంది గుర్తుపట్టే బొమ్మల్లో ఒకటి, దానికి ఒరిజినల్ లేదు!

మీ నాన్నగారు చెప్పే అర్థం చిన్నదని మాత్రం అనుకోకు. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టించాడు, తర్వాత అది లోనావాలా దగ్గరికి మారింది. అక్కడ జరిగింది అచ్చంగా మీ నాన్నగారి పనే. ఆయిల్ పెయింటింగ్ ఒకటుంటుంది, దాన్ని పనివాళ్లు రంగులు విడదీసి అచ్చు రాళ్ల మీదికి ఎక్కించి వేలకొద్దీ కాగితాలు తీస్తారు. అసలు బొమ్మలు సంస్థానాల్లో ఉండిపోయాయి. నకళ్లు మాత్రం మన ఊళ్లలో పూజగదుల దాకా వచ్చాయి, గుడి లోపలికి రానివ్వని వాళ్ల ఇళ్లకి కూడా. మన అమ్మమ్మలకి లక్ష్మీ సరస్వతులు ఎలా ఉంటారో నేర్పింది ఆ కాగితాలే. కాబట్టి ఉన్నదాన్ని పదిమందికీ చేర్చే ప్రింటు ఒకటి, ఇంకెక్కడా లేనిదాన్ని కాగితం మీదే పుట్టించే ప్రింటు ఇంకొకటి. రెండూ గొప్ప పనులే. గోల వచ్చేదల్లా ఒకదాన్ని చూపించి రెండోదని చెప్పినప్పుడు. నీ షాపాయన అడుగుతున్నది సరిగ్గా అదే, దాని సంగతి తర్వాత చెప్తాను.

గంటకి వేలు, రోజుకి రెండు అన్నారు కదా. దీనికి వాదనతో జవాబు చెప్పకు. ఆయన భాషలోనే ఒక పదం ఉంది, ప్రూఫు, అంటే ముందుగా తీసి చూసుకునే అచ్చు. ఆయన ప్రూఫు తీసేది అసలుతో పోల్చి తప్పులు పట్టడానికి. నువ్వు ప్రూఫు తీసేది ఇప్పుడేం చెయ్యాలో తెలుసుకోవడానికి. రెంబ్రాంట్ 1653లో యేసుని సిలువ వేసిన దృశ్యం ఒకటి రాగి ప్లేటు మీద చేశాడు, మూడు సిలువలుంటాయి, ఆకాశం నుంచి వెలుగు ధారగా పడుతుంటుంది, కింద జనం. ప్రింట్లు తీశాడు. కొన్నేళ్ల తర్వాత అదే ప్లేటు తీసి, మనుషుల్లో చాలామందిని గోకి చెరిపేసి, మళ్లీ గీసి, నిలువు గీతలతో దాదాపు చీకటి చేసేశాడు. వెలుగులో జరుగుతున్న ఘట్టం చీకట్లో మునిగిపోతున్న ఘట్టమైపోయింది. రెండు దశల ప్రింట్లూ మ్యూజియంల్లో ఉన్నాయి, పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే ప్లేటంటే నమ్మబుద్ధి కాదు. బాగా వచ్చిన ప్లేటుని మళ్లీ గోకాలంటే ఎంత ధైర్యం కావాలో ప్లేటు మీద పనిచేసిన వాళ్లకే తెలుస్తుంది. నీ రోజంతా పోయేది అక్కడే. తుడవడానికి ఒక గంట, ఒత్తడానికి అయిదు నిమిషాలు, మిగతాదంతా తీసిన కాగితాన్ని తేరిపార చూస్తూ ఇది అయిందా ఇంకా అవ్వలేదా అని తేల్చుకోవడం. మీ నాన్నగారికి నువ్వు ఫ్రేము కట్టిన బొమ్మ చూపించావు. ఈసారి మొదటి ప్రూఫు నుంచి చివరిదాకా వరసగా నేల మీద పరిచి చూపించు. ప్రెస్సు మనిషి కదా, ఎక్కడ ఏం మారిందో నీ క్లాస్‌మేట్స్ కంటే ఆయనే ముందు పట్టేస్తారు.

ఇంకో మనిషి గురించి కూడా ఆయనకి చెప్పు. ప్రింట్‌మేకర్ కృష్ణారెడ్డి గారి పేరు నీకు సిలబస్‌లో వచ్చే ఉంటుంది, కానీ ఆయన మన చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన మనిషని, ఆయన కనిపెట్టిన పనిని ఒక ఆఫ్‌సెట్ ప్రింటరు అందరికంటే బాగా మెచ్చుకోగలడని నీకు తట్టిందో లేదో. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, లండన్ వెళ్లి, 1950ల్లో పారిస్ చేరి, హేటర్ అనే ఆయన నడిపే అటెలియే 17 అనే వర్క్‌షాపులో కుదురుకున్నారు. పికాసో, మిరో లాంటి వాళ్లు పనిచేసిన చోటది. చదివింది శిల్పం. అందుకే ప్లేటుని గీతలు గీసే పలకలా చూడకుండా, శిల్పంలాగా లోతులుగా చెక్కేవారు. ఒకచోట పైన, ఒకచోట కొంచెం కింద, ఒకచోట బాగా లోతు.

మీ నాన్నగారి మిషన్ ఎలా పనిచేస్తుంది? నీళ్లకీ నూనె ఇంకుకీ పడదు, ఆ ఒక్క సూత్రం మీదే ఆఫ్‌సెట్ అంతా నడుస్తోంది. నాలుగు రంగులు కావాలంటే నాలుగు ప్లేట్లు, ఒకదాని మీద ఒకటి వెంట్రుక వాసి తేడా లేకుండా పడాలి. కృష్ణారెడ్డి గారూ ఆయన తోటివాళ్లూ పట్టుకున్న సూత్రం, ఇంకుకీ ఇంకుకీ కూడా పడదని. నూనె ఎక్కువ కలిపి పల్చగా చేసిన ఇంకుని గట్టి రోలరుతో పూస్తే ప్లేటు పై మట్టానికి మాత్రమే అంటుతుంది. ఆ తర్వాత చిక్కటి ఇంకుని మెత్తటి రోలరుతో పూస్తే, ఆ రోలరు ఒత్తుకుని కింది మట్టంలోకి దిగి అక్కడ అంటుకుంటుంది, పైనున్న పల్చటి ఇంకు మాత్రం దాన్ని దగ్గరికి రానివ్వదు. ఒకే ప్లేటు, దాని మీద రకరకాల రంగులు, ఒక్కసారి ప్రెస్సులోంచి పోతే రంగులన్నీ ఒకేసారి కాగితం మీదికి వచ్చేస్తాయి, రిజిస్ట్రేషన్ అనే బాధే లేదు. ఇది నాన్నగారికి చెప్పి ఆయన మొహం చూడు. ఆ పద్ధతితో 1963లో సుడిగుండం బొమ్మ ఒకటి చేశారు, నీళ్లు తిరుగుతున్నట్టు ప్లేటే తిరుగుతున్నట్టుంటుంది. రంగులు ఒకదాంట్లోంచి ఒకటి పుడుతున్నట్టు ఉండాలనుకున్నారు కాబట్టే ఆ టెక్నిక్ కావాల్సొచ్చింది, టెక్నిక్ దొరికింది కదా అని బొమ్మ వెయ్యలేదు. తర్వాత న్యూయార్క్ వెళ్లి అక్కడి యూనివర్సిటీలో ఎన్నో ఏళ్లు నేర్పించారు. 1972లో పద్మశ్రీ వచ్చింది, 2018లో న్యూయార్క్‌లోనే పోయారు. ఇంత పెద్ద మనిషి పేరు మన ఊళ్లలో తెలిసినవాళ్లు ఎంతమంది? నాకు దీని గురించి నిజంగా బాధ ఉంది, అందుకే ఇంత సేపు చెప్పాను.

ఇక ఆర్టిస్టువా, ప్రింటరువా.

పెయింటింగ్ వాళ్లు టెక్నీషియన్లంటే నువ్వు చిన్నబోయావు కదా. అందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి. మొదటిది, చేతిపని చేసేవాడు కళాకారుడి కంటే ఒక మెట్టు కింద అనే నమ్మకం. నాకు దాని మీద ఏమాత్రం గౌరవం లేదు. కలంకారీ అచ్చు వేసే పెడన వెళ్లి చూడు, మచిలీపట్నం పక్కనే. టేకు చెక్క మీద గీతకి గీత వదిలి అచ్చు చెక్కే ఆయన, కరక్కాయ నీళ్లలో పాలు కలిపి గుడ్డని తడిపి ఆరేసేవాళ్లు, ఇనుమూ బెల్లమూ పులియబెట్టి నల్లరంగు తీసేవాళ్లు, బల్ల ముందు నిలబడి అచ్చు పక్కన అచ్చు అతుకు తెలియకుండా కొట్టే ఆయన, కాలవ నీళ్లలో ఉతికేవాళ్లు. చీర కొన్నవాళ్లకి వీళ్లలో ఒక్కరి పేరు కూడా తెలియదు. శ్రీకాళహస్తిలో కలంతో గీసేవాళ్లని కళాకారులంటాం, పెడనలో అచ్చు కొట్టేవాళ్లని పనివాళ్లంటాం. హొకుసాయ్ అల చెక్కినవాడి పేరు కూడా ఆ బొమ్మ మీద లేదు. అచ్చు పనిచేసే చేతుల పేర్లు చెరిపెయ్యడం లోకమంతా ఉన్న అలవాటే, నువ్వు దానికి సిగ్గుపడి నేను ప్రింటర్ని కాదు అని చెప్పుకోవాల్సిన అవసరం లేదు. నువ్వు ప్రింటరువే. ప్రింటరు కూతురివి, ఇంకు చిక్కదనం వేలితో నొక్కి చెప్పే ఇంట్లో పెరిగావు, నీ క్లాసులో ఎవరికీ లేని ఆస్తి అది.

రెండో సంగతి కొంచెం కటువుగా చెప్తాను. టెక్నీషియన్లు అనే మాటలో, అన్నవాళ్లు అనుకోకపోయినా, మన ప్రింట్‌మేకింగ్ వాళ్లు వినాల్సింది ఒకటుంది. మన పనిలో పరికరాలు ఎక్కువ, మెట్లు ఎక్కువ, ఒక్కో మెట్టు దాటడమే పెద్ద విజయంలా ఉంటుంది. గ్రౌండ్ (యాసిడ్ తగలకుండా ప్లేటు మీద పూసే పూత) లేవకుండా యాసిడ్ తినిపించగలిగితే సంతోషం, ఆక్వాటింట్ మచ్చలు లేకుండా వస్తే పండగ. ఆ సంతోషంలో పడి బొమ్మలో ఏముందో చూసుకోవడం మర్చిపోతాం. ఏ కాలేజీ ఎగ్జిబిషన్లోనైనా చూడు, ప్రింట్ల గది నిండా అందమైన నలుపులు, అందమైన గరుకులు, వాటి వెనక ఏ ఆలోచనా ఉండదు. గోడ మీద పెచ్చులూడినట్టుండే టెక్స్చరు, దాని మీద ఒక పక్షి, ఒక కిటికీ. నీ బొమ్మ నేను చూడలేదు, అది అలాంటిదని అనడం లేదు. నువ్వే చూసుకో. ఈ గీత ఇక్కడెందుకుంది, ఇంత నలుపు ఇక్కడ దేనికి అని ఎవరైనా అడిగితే, యాసిడ్‌లో కాస్త ఎక్కువసేపు ఉండిపోయింది అన్నది ఒక జవాబు. ఉండిపోయింది, చూశాను, ఈ బొమ్మకి అదే కావాలనిపించి ఉంచేశాను అన్నది వేరే జవాబు. రెండో జవాబు మనస్ఫూర్తిగా చెప్పగలిగిన చోటల్లా నువ్వు ఆర్టిస్టువి. సర్టిఫికెట్టూ గ్యాలరీ సంగతీ నన్నడిగితే దీని ముందు చాలా చిన్నవి.

లక్ష్మాగౌడ్ గారిని చూడు. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాద్‌లో చదివి, 1960ల్లో బరోడా వెళ్లి అక్కడ ప్రింట్‌మేకింగ్ నేర్చుకున్నారు. నేర్చుకున్నది యూరప్‌లో పుట్టిన ఎచింగ్. దాంతో ఆయన గీసిందేమో తన ఊరి ఆడవాళ్లు, మగవాళ్లు, మేకలు, చెట్లు, వాళ్ల ఒళ్లూ వాళ్ల కోరికలూ, దాచకుండా. ఆ సన్నటి నల్లగీత లేకపోతే ఆ బొమ్మలు అలా ఉండేవి కావు, ఆ ఊరు లేకపోతే ఆ గీతకి చేసే పనే ఉండేది కాదు. పెయింటింగ్ వేస్తేనే ఆర్టిస్టు, ప్రింటు తీస్తే కాదు అని ఎవరైనా ఆయన ముందు అనగలరా?

ఇంకొకటి కూడా నీ ఆలోచనలో ఉంచుకో. పదిహేనే తీస్తాను అని నువ్వు ఆగడం ఒక ఎంపిక మాత్రమే, అలా ఆగడం అచ్చు స్వభావమేం కాదు. 1943 బెంగాల్ కరువులో చిత్తప్రసాద్ అనే చిత్రకారుడు ఊరూరా తిరిగి ఆకలితో పడి ఉన్నవాళ్ల బొమ్మలు గీసి పుస్తకంగా వేయిస్తే, బ్రిటిష్ ప్రభుత్వం ఆ ప్రతుల్ని పట్టుకుని నాశనం చేసింది. ఒక్క పెయింటింగ్ అయితే ఎవరి ఇంట్లోనో ఉండిపోయేది, ప్రభుత్వం పట్టించుకునేది కాదు. చాలా చేతుల్లోకి వెళ్తుంది కాబట్టే భయపడింది. తర్వాత ఆయన చేసిన లినోకట్లు (లినోలియం షీటు మీద చెక్కి తీసే అచ్చులు) చవకగా పదిమందికీ అందాలనే చేశాడు. మీ ఇంట్లో గంటకి వేలు తీసే మిషన్ ఉంది! ఆ వేలల్లో పడితేనే అర్థం ఉండే బొమ్మ ఒకటి ఆలోచించవచ్చు కదా, మీ టౌన్ గోడల మీద అంటించడానికో, సంతలో పది రూపాయలకి ఇవ్వడానికో. ఎచింగ్‌ని చిన్నది చేసి పోస్టరుగా వెయ్యమనడం లేదు. ఆఫ్‌సెట్ కోసమే, రెండు రంగుల్లో, నాన్నగారితో కూర్చుని ఇంకులు కలిపించి చెయ్యి. దానికి నంబరక్కర్లేదు.

షాపాయన విషయం. నంబరు వెయ్యకు, సంతకం పెట్టకు. నీ ఎచింగ్ ఎడిషన్, అంటే తీసే మొత్తం ప్రింట్లు, పదిహేనని నువ్వు ముందే చెప్పావు. దాన్నే స్కాన్ చేసి ఇంక్‌జెట్‌లో తీసి కింద పెన్సిల్‌తో 1/100 అని రాస్తే, కొనేవాడు అది నువ్వు ప్లేటు మీద నుంచి తీసిందనుకునే ప్రమాదం ఉంది, షాపాయనకి కావాల్సింది కూడా ఆ పొరపాటే. తీరా పదిహేనులో ఒకటి మంచి ధరపెట్టి కొన్నవాళ్లకి నువ్వు ఏం చెప్తావు? అమ్మాలనిపిస్తే అమ్ము, తప్పు లేదు, డబ్బవసరం అందరికీ ఉంటుంది. కానీ వెనక స్పష్టంగా అచ్చు వేయించు, ఇది ఫలానా ఎచింగ్‌కి డిజిటల్ రీప్రొడక్షన్ అని, సైజు కూడా మార్చు. అలా రాస్తే ఎవరూ కొనరని ఆయన అంటే, ఆయన ఏం అమ్మాలనుకుంటున్నాడో నీకు తెలిసిపోయినట్టే. ఇది డిజిటల్ మీద కోపం కాదు. కంప్యూటర్లోనే పుట్టి, ప్రింటరు మీద బయటికొచ్చేదాకా ఎక్కడా లేని బొమ్మ అయితే అదీ ఒరిజినల్ ప్రింటే, దానికి ఎడిషన్ కట్టి శుభ్రంగా నంబరు వేసుకోవచ్చు. ఇంకో మాట, పదిహేను పూర్తయ్యాక ప్లేటు మీద అడ్డంగా ఒక గీత గీకి క్యాన్సిల్ చేసెయ్యి. ఆ పదిహేను లెక్కలోకి రాకుండా నీ కోసం దాచుకునే ఆర్టిస్ట్ ప్రూఫులు ఒకటి రెండు ఉంచుకుంటే వాటి మీద విడిగా రాసుకో. చేతికి కష్టంగా ఉంటుంది, చెయ్యి.

చదువైపోయాక ప్రెస్సు లేదని టెన్షన్ పడుతున్నావు. ఎచింగ్ ప్రెస్సు కొనడానికి ఇప్పుడే అప్పు చెయ్యకు. మీ ఇంట్లో ఉన్నవాటితో మొదటి ఏడాది గడిచిపోతుంది. ఆఫ్‌సెట్‌కి వాడేసిన అల్యూమినియం ప్లేట్లు పాతసామాన్ల వాడికి తూకానికి వేస్తుంటారు కదా, వాటి వెనక వైపు నున్నగా ఉంటుంది, డ్రైపాయింట్‌కి, అంటే యాసిడ్ లేకుండా గట్టి సూదితోనే గీసే పద్ధతికి, చక్కగా పనికొస్తాయి. పల్చటి రేకు కాబట్టి గీత పక్కన లేచే లోహపు రజను తొందరగా అణిగిపోతుంది, పది పదిహేను మంచి ప్రింట్లకంటే ఆశపడకు. అంచులు వేళ్లు కోసేస్తాయి, ముందు వాటిని ఆకురాయితో రాయి. ఒత్తడానికి మాత్రం ఎచింగ్ ప్రెస్సు కావాలి, ఆఫ్‌సెట్ మిషన్ ఆ పని చెయ్యలేదు. అందుకని ప్లేట్లు ఇంట్లో చేసి పెట్టుకుని, ప్రెస్సున్న చోటికి వెళ్లి ఒకేసారి తీసుకో. చెన్నైలో లలితకళా అకాడమీ ప్రాంతీయ కేంద్రం, ఢిల్లీలో వాళ్లదే గఢీ స్టూడియో, భోపాల్‌లో భారత్ భవన్, ఈ మూడింట్లోనూ గ్రాఫిక్స్ స్టూడియోలున్నాయి. కాలేజీ వదిలే లోపే ఉత్తరాలు రాసి ఎప్పుడు రానిస్తారో, రోజుకి ఎంత కట్టాలో కనుక్కో, మీ మాస్టారి పరిచయ పత్రం ఒకటి చేతిలో పెట్టుకో.

లినో, చెక్క అచ్చులకైతే ప్రెస్సే అక్కర్లేదు, చెక్క గరిటె వెనక వైపుతో రుద్ది తీసుకోవచ్చు. నాన్నగారి షెడ్డులో పాత ట్రెడిల్, అంటే కాలితో తొక్కి నడిపే అచ్చు మిషన్, ఏదైనా మూలన పడుందేమో అడుగు. ఉంటే అదృష్టం. లినోని చెక్క ముక్క మీద అంటించి మొత్తం టైపు (సీసపు అచ్చు అక్షరాల) ఎత్తుకి, అంటే దాదాపు 23.3 మిల్లీమీటర్లకి తెస్తే ట్రెడిల్ మీద శుభ్రంగా పడుతుంది. అచ్చు సమంగా ఒత్తుకునేలా వెనక పెట్టే ప్యాకింగ్ ఎలా సరిచేయాలో ఆయనకి తెలిసినంత మీ కాలేజీలో ఎవరికీ తెలియదు, దగ్గరుండి నేర్పించమను.

యాసిడ్ మాత్రం ఇంట్లో వద్దు. జింకు మీద నైట్రిక్ యాసిడ్ పోస్తే వచ్చే పొగ ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది, బాత్రూములో ఫ్యానేసుకుని చేస్తాననే ఆలోచనే పెట్టుకోకు. ఎచింగ్ లేకుండా ఉండలేనంటే రాగి ప్లేటు, ఫెర్రిక్ క్లోరైడ్ వాడు, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో సర్క్యూట్ బోర్డుల కోసం అమ్ముతారు. పొగ దాదాపు రాదు కానీ బట్టలకీ గచ్చుకీ పట్టిన మరక మళ్లీ పోదు. మందపాటి అల్యూమినియం రేకుకైతే మైలుతుత్తం, ఉప్పు కలిపిన నీళ్లు కూడా పనిచేస్తాయి. అది వేడెక్కి నురగలు కక్కుతుంది, అందులోంచి హైడ్రోజన్ వస్తుంది, కాబట్టి ఆరుబయట, నిప్పుకి దూరంగా, ప్లాస్టిక్ ట్రేలో చెయ్యి, చేతులకి గ్లోవ్స్, కళ్లకి అద్దాలు పెట్టుకో. వాడేసిన నీళ్లు కాలవలో పొయ్యకు, రాగి కలిసిన నీళ్లకి చేపలు చచ్చిపోతాయి. డబ్బాలో పోసి మూతపెట్టి, మీద పేరు రాసి, మీ కాలేజీ ల్యాబ్ వాళ్లు దేన్ని ఎలా పారేస్తారో కనుక్కుని అలాగే పారెయ్యి.